పద్నాలుగో గదిలో చలికాలం

తెమిర్‌బులక్ నగరంలో చలి తనంతట తాను వస్తుంది. చలికాలం మాత్రం ఆఫీసు నుంచి రావాలి.

మధ్య ఆసియాలో ఓ మూల, ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ పుట్టుకొచ్చిన ఊరది. ఎటు చూసినా పొగగొట్టాలే. ఇళ్లను వెచ్చబెట్టే వేడినీళ్లు కూడా ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గరే కాగి, మనిషి దూరేంత లావు గొట్టాల్లో రోడ్ల వెంట ఊరంతా తిరుగుతాయి. ఎవరింట్లో వాళ్లు వెచ్చబెట్టుకుంటామంటే కుదరదు. నగరపాలక సంస్థలో తాప రుతు సంఘం అని ఒకటుంది. అది చలికాలం వచ్చిందని ప్రకటిస్తుంది, బాయిలర్ తిప్పుతారు, ఊరు ఊరంతా ఒక్కసారే వెచ్చబడుతుంది. చలికాలం ప్రకటించాక గొట్టాల్లో వేడి లేకపోతే సంఘం అధ్యక్షుడి ఉద్యోగం ఊడుతుందని చట్టం. జనం మేలు కోరి ఎవరో పుణ్యాత్ముడు చేసిన చట్టమే అది.

ఆ ఏడాది బాయిలర్ పగిలింది. కొత్తది రైల్లో వస్తోందన్నారు. ఏ రైల్లో అన్నది ఎవరూ చెప్పలేదు. అధ్యక్షుడు జుమాషెవ్ గారు తలుపులు వేసుకుని ఒక పూటంతా ఆలోచించారు. చలికాలం వస్తే వేడి ఇవ్వాలి. వేడి లేదు. కాబట్టి చలికాలం రాలేదు. దీంట్లో తప్పు పట్టడానికి సంఘంలో ఎవరికీ ఏమీ దొరకలేదు. ఆకులు రాలిపోయాయి, మంచు మోకాలి లోతు పడింది, చెరువు గడ్డకట్టింది. నగర పత్రికలో మాత్రం ‘నగరవాసులకు ఆహ్లాదం కలిగిస్తున్న సుదీర్ఘ శరత్తు’ అని వార్త వేశారు.

ఈ సుదీర్ఘ శరత్తు వల్ల అందరికంటే ఎక్కువ మునిగినవాడు యలమంద. పల్నాడులో రెంటచింతల వాడు. రాష్ట్రంలో ఎండలు ఎక్కడ మండిపోయాయో రాయాల్సి వచ్చినప్పుడల్లా పేపర్లో ముందు పడేది ఆ ఊరి పేరే. చిన్నప్పుడు ప్రతి వేసవిలోనూ నేల మీద నీళ్లు చల్లుకుని పడుకుని, దేవుడా ఈ వేడి తగ్గించు తండ్రీ అని కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నవాడు. దేవుడు విన్నాడు. కాస్త ఎక్కువగా విన్నాడు. తీసుకొచ్చి తెమిర్‌బులక్ వైద్య విద్యాలయంలో పడేశాడు.

వాడి తండ్రి నాపరాళ్ల పాలిష్ మిల్లులో మేస్త్రీ. కొడుకు ఇంకా రెండో ఏడాదిలోనే ఉన్నా, వీధిలో వాళ్లు అప్పుడే డాక్టరుగారి నాన్న అని పిలుస్తున్నారు. వాళ్లమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ పక్కింటావిడ మోకాళ్ల సంగతి ఒకటి, ఎదురింటాయన ఆయాసం సంగతి ఒకటి అడిగి, జవాబు తీసుకెళ్లి వాళ్లకు అప్పజెబుతుంది. ఆ డాక్టరుగారు ఎండాకాలం పరీక్షల్లో అనాటమీ తప్పాడని ఆవిడకి తెలియదు. చెప్పే ధైర్యం వాడికి లేకపోయింది. తప్పిన సబ్జెక్టు శీతాకాల పరీక్షల్లో పాసవ్వాలి, వసంతకాలం తరగతులు మొదలయ్యేలోగా పాసవ్వకపోతే పేరు కొట్టేస్తారు. ఇంటికి పోవడమే.

దానికేం, రాత్రింబవళ్లు కూచుని చదివాడు. ఎముకలు, నరాలు, రక్తనాళాలు అన్నీ నోటికొచ్చేశాయి. తీరా డీన్ గారి దగ్గరికి వెళ్లి పరీక్ష ఎప్పుడండీ అంటే, శీతాకాల పరీక్షలు శీతాకాలంలోనే జరుగుతాయి, అది ఇంకా రాలేదు, వచ్చినప్పుడు నోటీసు పెడతాం అన్నాడాయన. అలా అన్నప్పుడు ఆయన నోట్లోంచి ఆవిరి వచ్చింది. మరి వసంతం తరగతులు ఎప్పుడండీ అంటే, మార్చి ఒకటిన, అవి తేదీ ప్రకారం జరుగుతాయి, రుతువు ప్రకారం కాదు అన్నాడు. చలికాలం రాకుండానే వసంతం తరగతులు మొదలవుతాయన్నమాట. పుట్టినప్పటినుంచీ ఎండలు పోవాలని మొక్కుకున్నవాడికి, ఇప్పుడు చలికాలం రావాలని మొక్కుకునే పరిస్థితి వచ్చింది.

మొక్కడానికైనా చేతులు వంగాలి కదా. ఆ విద్యాలయంలో కోటు వేసుకుని తరగతిలోకి అడుగుపెట్టడం మర్యాద కాదు. ఆ దేశంలో అదొక పెద్ద పట్టింపు, మనం చెప్పులు బయట వదిలినట్టు వాళ్లు కోట్లు బయట వదులుతారు. దానికోసం మెట్ల కింద కోట్ల గది ఉంటుంది. కోటు ఇచ్చి ఇత్తడి బిళ్ల తీసుకుని పైకి వెళ్లాలి. ఆ గది చూసుకునేది రౌషన్ అపా. అపా అంటే పెద్దావిడ, మన అక్కగారిలాగా. ఎంతో కాలంగా అక్కడే ఉంది, ఏ పిల్లాడి కోటుకి ఏ గుండీ ఊడిందో ఆవిడకి తెలుసు, ఊడితే తనే కుట్టి పెడుతుంది. కాకపోతే కోట్ల గది చలికాలం వచ్చిన రోజున తెరవాలి, చలికాలం వెళ్లిన రోజున మూయాలి, ఆ రోజుకి తీసుకెళ్లని కోట్లు మళ్లీ చలికాలం వచ్చేదాకా లోపలే ఉండాలి. ఇదీ తాప రుతు సంఘం ఉత్తర్వే. చలికాలం రాలేదు కనక గదికి తాళం. కోటు లోపలికి తీసుకెళ్లకూడదు, బయట వదలడానికి చోటు లేదు. అందుకని పిల్లలందరూ కోట్లు హాస్టల్లో వదిలేసి, ఉన్న చొక్కాలన్నీ ఒకదానిమీద ఒకటి తొడుక్కుని వచ్చేవాళ్లు. రౌషన్ అపా తాళం వేసిన తలుపు ముందు స్టూలు మీద కూచుని, వాళ్లని చూసి కళ్లు తుడుచుకునేది.

“ఏం చెయ్యను బలాం,” అనేది యలమందతో. బలాం అంటే వాళ్ల భాషలో బిడ్డా అని. “చలికాలం వస్తే నిన్నిలా ఉండనిస్తానా?”

హాస్టలు చెరువుకి అవతల ఉంది. చెరువంటే మన చెరువు కాదు, ఫ్యాక్టరీ నీళ్లకోసం కట్టిన సముద్రమంత చెరువు. ఎండాకాలంలో పడవ తిరుగుతుంది, చలికాలంలో ఒడ్డు చుట్టూ బస్సు తిరుగుతుంది. చలికాలం రాలేదు గనక బస్సు లేదు. పడవ ఉంది గానీ, రేవులో గడ్డకట్టిన నీళ్లలో ఇరుక్కుని ఉంది. పోనీ నడిచి పోదామంటే, చెరువు గడ్డకట్టినట్టు ప్రకటన రాలేదు గనక దాని మీద నడవడం నేరం, మునిగిపోయే ప్రమాదం ఉందని బోర్డు పెట్టారు.

పడవ నడిపే కప్తాన్ ఎర్మెక్ దీనికి దారి కనిపెట్టాడు. నౌకాయాన రుతువు ఇంకా ముగియలేదు కనక ఆయన రోజూ పడవ నడపాలి, నడిపినట్టు రాయాలి. పొద్దున్నే రేవులో నిలబడి అందరికీ టిక్కెట్లిచ్చేవాడు. నారింజ రంగు లైఫ్ జాకెట్లు పంచేవాడు. ఈల ఊది, తెల్ల టోపీ సర్దుకుని, మంచుగడ్డ మీద ముందు ఆయన నడిచేవాడు. వెనకాల రెండు వరసల్లో ప్రయాణికులు. రెండు వరసలే ఎందుకంటే పడవలో ఉన్నవి రెండు వరసల బెంచీలే. సగం దూరం వెళ్లాక ఆగి, కుడివైపు కనిపించేది మన నగరానికి గర్వకారణమైన ఉక్కు కర్మాగారం, ఎడమవైపు కనిపించేది విహారయాత్రికుల కోసం నిర్మించబోతున్న ఇసుక తీరం అని పర్యాటక శాఖ రాసిచ్చినదంతా వినిపించేవాడు. ఎవరైనా వరసలోంచి పక్కకి జరిగితే, అంచు దగ్గర నిలబడొద్దు, నడిమికి రండి అని గట్టిగా కోప్పడేవాడు. అవతలి గట్టు చేరాక జాకెట్లు వెనక్కి తీసుకునేవాడు. ఆ కాస్త దూరంలోనే ఒంటికి వెచ్చగా ఉండేది యలమందకి.

పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది ఊరి వ్యవహారం. నవ్వుకుంటూ చలికాలం గడిపేయొచ్చు, పేరు కొట్టేస్తారన్న భయం లేకపోతే. ఫిబ్రవరి వచ్చేసింది. అడగందే అమ్మయినా పెట్టదని, యలమంద ధైర్యం చేసి నగరపాలక భవనానికి వెళ్లి, జుమాషెవ్ గారిని చూడాలని కూచున్నాడు.

జుమాషెవ్ గారు పెద్ద బల్ల వెనకాల నక్కతోలు కాలరు ఉన్న ముదురు గోధుమరంగు కోటు వేసుకుని కూచున్నారు. సిరా గడ్డకట్టకుండా సిరాబుడ్డిని చంకలో పెట్టుకున్నారు. యలమంద తన అర్జీ అంతా ఓపిగ్గా చెప్పుకున్నాడు. ఆయన అంతకంటే ఓపిగ్గా విన్నారు.

“చలి వేరు, చలికాలం వేరు,” అన్నారు. “చలి ప్రకృతికి సంబంధించిన విషయం. చలికాలం పరిపాలనకు సంబంధించిన విషయం. మొదటిదాని మీద సంఘానికి అధికారం లేదు. రెండోదాని మీద ప్రకృతికి అధికారం లేదు.”

మీరు కోటు వేసుకున్నారు కదండీ అని యలమంద వినయంగా మనవి చేశాడు. అది వ్యక్తిగతం అన్నారాయన. పరీక్ష జరగకపోతే నా బతుకు పోతుందండీ అన్నాడు వాడు. ఆయనకి నిజంగానే జాలేసింది. కానీ ఒక్క విద్యార్థి నిమిత్తం నగరమంతటికీ చలికాలం మంజూరు చేయడం ప్రజాధన దుర్వినియోగం కింద వస్తుందన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు అక్టోబరులోనే ఇచ్చేశాడు.

లేవబోతుండగా యలమందకి ఊరు గుర్తొచ్చింది. ఎండాకాలం, కరెంటు కోత, వీధి అరుగుల మీద విసనకర్రలు.

“మా ఊళ్లో కరెంటు చాలనప్పుడు అసలు కరెంటే లేదనరండీ,” అన్నాడు. “ఈ వీధికి ఇంతసేపు, ఆ వీధికి ఇంతసేపు అని వంతులేస్తారు. చలికాలం కూడా ఊరంతటికీ ఎందుకు? నాకు ఒక్క గది చాలు. ఒక్క పూట చాలు.”

జుమాషెవ్ గారు చంకలోంచి సిరాబుడ్డి తీసి బల్ల మీద పెట్టారు. లెక్క వేసుకున్నారు. ఒక్క గదిలో చలికాలం ప్రకటిస్తే ఒక్క గదికి వేడి ఇస్తే చాలు. ఒక్క గదికి కరెంటు హీటరు సరిపోతుంది. రాజధానికి మాత్రం చలికాలం విజయవంతంగా ప్రవేశపెట్టామని నివేదిక పంపొచ్చు. ఆయన లేచి వచ్చి యలమంద చెయ్యి పట్టుకుని ఊపారు. మీ దేశం ప్రాచీన నాగరికత గల దేశం అన్నారు.

రెండో రోజునే ఉత్తర్వు వచ్చింది. వైద్య విద్యాలయంలో అనాటమీ విభాగం పద్నాలుగో గదియందు, నాలుగు గోడల నడుమ, గడప వరకు, ప్రయోగాత్మక స్థానిక శీతాకాలము ప్రవేశపెట్టబడును. గడప దాటిన పిమ్మట శరదృతువు యథాతథముగా కొనసాగును. గదిలో ఉండవలసిన ఉష్ణమునకు సంఘమే బాధ్యత వహించును.

ప్రారంభోత్సవం నాడు యలమంద ఆనందం అంతా ఇంతా కాదు. ఆ రోజు చలికాలం గనక హాస్టల్లో అందరూ ట్రంకుల్లోంచి కోట్లు తీసి దర్జాగా తొడుక్కుని బయల్దేరారు. రౌషన్ అపా కోట్ల గది తాళం తీసి, కొక్కేలు తుడిచి, జుట్టుకి కొత్త రుమాలు కట్టుకుని నిలబడింది. యలమంద కోటు తీసుకుని, చిరిగిన జేబు చూసి నాలుక చప్పరించి, సూదీ దారం బయటికి తీసింది. జుమాషెవ్ గారు కూడా నియమం ప్రకారం నక్కతోలు కాలరు కోటు ఆవిడకిచ్చి, ఇత్తడి బిళ్ల తీసుకుని, ఫొటో తీయించుకుని పైకి వెళ్లారు. రిబ్బను కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

లోపల హీటరు ఎర్రగా మండుతోంది. వెచ్చదనం మొహానికి తగిలేసరికి యలమందకి ఏడుపొచ్చినంత పనైంది. రెంటచింతల వాసన గుర్తొచ్చింది.

ఊళ్లో చలికాలం ఒక్కచోటే వచ్చిందనీ, అక్కడ వెచ్చగా ఉందనీ ఎవరు చెప్పారో గానీ, పరీక్ష మొదలయ్యేసరికి కారిడార్లో జనం కిటకిటలాడుతున్నారు. వచ్చినవాళ్లందరికీ చలికాలంలో పని ఉంది. వేళ్లు నల్లబడి ఆసుపత్రికి వెళితే శరత్కాలపు తిమ్మిరి అని రాసి పంపించేసిన ముసలాయన, చలికాలపు రోగం రాయించుకోవడానికి వచ్చాడు. క్రిస్మస్ చెట్టులాంటి కొత్త సంవత్సరం చెట్టు చలికాలంలోనే పెట్టాలి కనక పెట్టలేకపోయిన బడిపంతులమ్మ, చెట్టుతో సహా పిల్లల్ని తీసుకొచ్చింది. కప్తాన్ ఎర్మెక్ చలికాలపు సెలవు పుచ్చుకోవడానికి వచ్చి, గడప లోపల నిలబడి సెలవులో ఉన్నానన్నాడు. అందరూ కోట్లు కింద ఇచ్చేసి వచ్చారు. చెట్టు చుట్టూ పిల్లలు చేతులు పట్టుకుని తిరుగుతున్నారు. ఓ మూల ముసలాయన ఒక డాక్టరుకి వేళ్లు చూపిస్తున్నాడు. జనం పెరిగితే వేడి చాలదని జుమాషెవ్ గారు రెండో హీటరు తెప్పించారు.

వీటన్నిటి మధ్యా బల్ల దగ్గర ఎల్విరా పెత్రోవ్నా పరీక్ష చేస్తోంది. ఆవిడ అనాటమీ పంతులమ్మ. నవ్వడం ఎవరూ చూడలేదు, మొహమాటానికి మార్కు వేసిన పాపాన ఎన్నడూ పోలేదు. యలమందని అరచేతి రక్తనాళాలు అడిగింది. ఒక్కటి వదలకుండా చెప్పాడు. ముంజేతి నరాలు అడిగింది. ఏ నరం దెబ్బ తింటే ఏ వేలు మొద్దుబారుతుందో, ఈ చలికాలం రాని నాలుగు నెలల్లో తన వేళ్ల మీదే చూసుకున్నాడు కనక గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మధ్యలో జుమాషెవ్ గారు లేచి, స్థానిక శీతాకాలము నగర చరిత్రలో స్వర్ణాధ్యాయమని ప్రసంగించారు. అయ్యేదాకా ఆగి, ఆవిడ మూడో ప్రశ్న అడిగింది. దానికీ చెప్పాడు. ఆవిడ వాడి మార్కుల పుస్తకం దగ్గరికి లాక్కుని ఉత్తీర్ణుడు అని రాసింది. సంతకం పెట్టడానికి కలం దించుతోంది.

సరిగ్గా అప్పుడే జుమాషెవ్ గారి కాళ్లకి ప్రత్యేకంగా మూడో హీటరు పెట్టారు. ఫ్యూజు పోయింది. గదిలో చీకటి. మూడు హీటర్లూ ఎర్రదనం పోయి నల్లబడ్డాయి.

చలికాలంలో వేడి ఆగితే ఎవరి ఉద్యోగం పోతుందో ఆ గదిలో ఒకాయనకి బాగా తెలుసు. చీకట్లోంచి ఆయన గొంతు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. చలికాలం అయిపోయిందని ఆయన నోటివెంట వస్తే పరీక్ష కూడా అయిపోయినట్టే.

“సంతకం పెట్టండి మేడమ్,” అన్నాడు యలమంద ఏడుపు గొంతుతో.

“పెట్టాను,” అంది ఎల్విరా పెత్రోవ్నా. “నా సంతకం పెట్టడానికి నాకు దీపం దేనికి?”

వెంటనే జుమాషెవ్ గారు ప్రకటించారు. ఈ ఏటి శీతాకాలం అన్ని లక్ష్యాలూ పూర్తి చేసుకుని, ఎలాంటి ప్రాణనష్టం లేకుండా దిగ్విజయంగా ముగిసింది. నగర చరిత్రలో ఇంత సుఖమైన చలికాలం ఎన్నడూ రాలేదు. ఇప్పటినుంచి వసంతం. చీకట్లోనే అందరూ చప్పట్లు కొట్టారు.

మెట్లు దిగి వచ్చేసరికి కోట్ల గదికి తాళం పడి ఉంది. రౌషన్ అపా తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని తల వంచుకుని నిలబడింది. చలికాలం వెళ్లగానే మూయాలి కదా, మూసేసింది. లోపల ఊరి కోట్లన్నీ ఉన్నాయి. జేబు కుట్టిన కోటు కూడా ఉంది. బయటి తలుపు సందుల్లోంచి గాలి విసురుకి మంచు లోపలికి కొడుతోంది.

“తీస్తే నన్ను తీసేస్తారు బలాం,” అంది.

అందరికంటే వెనక జుమాషెవ్ గారు దిగి వచ్చి, ఇత్తడి బిళ్ల చాపారు. ఆవిడ ఆయన సంతకం చేసిన ఉత్తర్వే గోడ మీద చూపించింది. ఆయన దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారు. తలుపు సందులోంచి బయటికి ఒకసారి చూశారు. మళ్లీ ఉత్తర్వు చదివారు. తర్వాత అక్కడే కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని రాశారు. నక్కతోలు కాలరు గల ముదురు గోధుమరంగు కోటు ఒకటి, వసంతకాలపు వస్త్రముగా వర్గీకరించబడినది.

రౌషన్ అపా తాళం తీసింది. ఆ కోటు ఒక్కటీ తెచ్చి ఇచ్చింది. తాళం వేసింది.

ఆయన గుండీలు పెట్టుకుంటుంటే యలమంద ముందుకెళ్లి, నా కోటు కూడా వసంతం కింద రాయండి సార్ అని బతిమాలాడు. జుమాషెవ్ గారు వాడి భుజం మీద చెయ్యి వేశారు. ఈ చలికాలమంతా నీ ఆలోచనే అని గుర్తుచేసుకున్నట్టున్నారు, ఆప్యాయంగానే మాట్లాడారు.

“వర్గీకరణ ఏ వస్త్రానికా వస్త్రం విడిగా జరగాలి. దరఖాస్తు పెట్టుకో. సంఘం తప్పకుండా పరిశీలిస్తుంది.”

ఎప్పుడండీ అని అడిగాడు వాడు.

“చలికాలంలో,” అని ఆయన కారెక్కి వెళ్లిపోయారు.

రేవులో కప్తాన్ ఎర్మెక్ సెలవు ముగించుకుని అప్పటికే టిక్కెట్లిస్తున్నాడు. ఆయన ఒంటిమీదా కోటు లేదు. వసంతకాలపు తొలి నౌకాయానానికి స్వాగతం అన్నాడు వణుకుతూ. జాకెట్లన్నీ పంచేశాడు, తనది కూడా విప్పి బడిపిల్లల్లో ఒకడికి తొడిగాడు. ఈల ఊదాడు. రెండు వరసలు మంచుగడ్డ మీద కదిలాయి.

చెరువు నడిమధ్యకి వచ్చేసరికి ఫోన్ మోగింది. అమ్మ. యలమంద వేళ్లు వంగక రెండుసార్లు జారవిడిచి, చివరికి ఎత్తాడు. తప్పిన సంగతి, పాసయిన సంగతి రెండూ ఒక్కసారే చెప్పేశాడు. తప్పిందానికి తిట్టడానికి ఆవిడకి తీరిక లేకపోయింది. పాసయ్యాడంట, పాసయ్యాడంట అని ఇంట్లో ఎవరికో అరిచి చెబుతూ ఏడ్చేసింది. ఇక్కడ వీడికీ కళ్లలో నీళ్లు తిరిగాయి, తిరిగినవి రెప్పల మీదే గట్టిపడ్డాయి.

“ఆడ చలి ఎట్టుందిరా? కోటు ఏసుకున్నావా?” అంది కాసేపటికి.

“చలికాలం అయిపోయిందమ్మా. పొద్దునొచ్చింది, ఇందాకే ఎళ్లిపోయింది. ఇప్పుడు వసంతం.”

“అప్పుడేనా? మాకే ఇంకా తెల్లారగట్ట దుప్పటి తియ్యబుద్ధి కావట్లా. అదురుష్టమంటే నీదేరా.” ఆవిడకి అనుమానమొచ్చింది. “అదేందిరా, మాట అట్టా ముక్కలు ముక్కలుగా వస్తంది?”

యలమంద కాళ్ల కింద చూశాడు. ముందు వెళుతున్న తెల్ల టోపీని చూశాడు. చేతిలో టిక్కెట్టు ఉంది.

“పడవలో ఉన్నానమ్మా,” అన్నాడు. “ఊగుతోంది.”

“అంచున కూచోమాక నాయనా,” అంది వాళ్లమ్మ. “నడిమికి జరుగు.”

సరేనమ్మా అని యలమంద నడిమికి జరిగాడు.